ఏమండీ, లైటు!

మెట్ల మలుపులో అత్తగారి కళ్ళజోడు కాడ ఊడి పడివుంది. అత్తగారి జాడ లేదు.

కోడలి చేతిలో ఫోను టార్చి వెలుగుతోంది. ఆ ఫోను టార్చే లేకపోతే కళ్ళజోడు మీద తనే కాలేసేది. తలుపు తీసి పై మెట్టు మీద అడుగు పెట్టగానే వెలగాల్సిన దీపం వెలగలేదు. బయట తెల్లారి చాలాసేపయింది. కానీ రెండు ఎత్తయిన భవనాల మధ్య ఇరుక్కున్న ఇల్లది. ముందుగదికీ డాబాకీ వచ్చిన ఎండ మెట్ల దగ్గరికి రాదు. మిట్టమధ్యాహ్నమైనా అక్కడ దీపం కావాల్సిందే. అత్తగారికైతే మరీనూ. ఆవిడ చూపు కొంతకాలంగా అంచుల నుంచి లోపలికి మూసుకుపోతూ వస్తోంది. వెలుతురులో పేపరు కూడా చదువుతుంది. మసక పడిందంటే గోడకీ గుమ్మానికీ తేడా తెలీదు.

"అత్తయ్యా!"

రెయిలింగ్ మీదుగా కిందికి వంగి మళ్ళీ పిలిచింది.

"అత్తయ్యా! ఎక్కడున్నారు?"

"వంటింట్లో ఉన్నాను! ఒక్క ముక్కగానే ఉన్నాను, అరవకు!"

మైకు లేని రోజుల్లో నాటకాల హాలు చివరి వరస దాకా వినిపించిన గొంతు అది. కోడలికి ఊపిరొచ్చింది. కళ్ళజోడు ఏరుకుని, గోడ పట్టుకుని, తడి జుట్టు భుజాల మీద నీళ్ళు కారుస్తుండగా కిందికి పరుగెత్తింది.

అత్తగారు వంటింటి కుర్చీలో కొలువుతీరి ఉంది. ఒక కాలు చన్నీళ్ళ టబ్బులో ఉంది. మావగారు స్టవ్ ముందు నిలబడి ఉన్నారు. టీ పొంగి గిన్నె చుట్టూ కారుతోంది. ఆయన దాన్ని చూస్తూనే ఉన్నారు కానీ స్టవ్ కట్టెయ్యడం లేదు.

కోడలు వెళ్ళి స్టవ్ కట్టేసింది. "ఏం జరిగిందసలు?"

"ఏముంది, తలుపు తీశాను, అడుగు వేశాను. నీ దీపం వస్తుందనుకున్నాను. రాలేదు. కాలు జారింది. రెయిలింగ్ చేతికి దొరికింది కాబట్టి నీతో మాట్లాడుతున్నాను," అంది అత్తగారు. "చీలమండ కాస్త బెణికింది, అంతే. మీ మావగారు కిందినుంచి రెండంగల్లో వచ్చి పట్టుకున్నారు. ఈ వయసులో ఆయన అంత ఉరకగలరని నాకే తెలీదు. తెలిస్తే బజారు పనులన్నీ ఆయనకే చెప్పేదాన్ని."

మావగారు నవ్వలేదు. మామూలుగా అయితే భార్య వేసే జోకుకి ఆవిడ కన్నా ముందు ఆయనే నవ్వుతారు.

"టార్చి మెట్ల మీదే వదిలేశాను," అని గొణిగి బయటికి వెళ్ళారు.

కోడలు నేల మీద కూర్చుని అత్తగారి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు కదపమంది, అటూ ఇటూ తిప్పింది. వాపు కొంచెమే. ఎముకకి ఏమీ కాలేదు. పట్టీ చుట్టేసి, నేరుగా మెట్ల దగ్గరికి వెళ్ళింది. మావగారు టార్చి చేత పట్టుకుని ఎదురొచ్చారు.

ఆమె పైకెక్కి, తలుపు మూసి, మళ్ళీ తీసి, పై మెట్టు మీద కాలు పెట్టింది.

దీపం టక్కున వెలిగింది.

ఇంకోసారి చూసింది. వెలిగింది. మెల్లగా నడిచి చూసింది, పరుగెత్తి చూసింది. ప్రతిసారీ బుద్ధిగా వెలిగింది. ఎప్పుడూ ఇదే తంతు. అత్తగారు దిగితే వెలగదు. తను పరీక్షిస్తే వెలుగుతుంది.

ఆమె ఉద్యోగం అదే మరి, దీపాల్ని పరీక్షించడం. భవనాలకి లైట్లు అమర్చే కంపెనీలో ఇంజినీరు. మనిషి అలికిడికి వెలిగే లైట్లు, ఫోనుతో ఆరే లైట్లు, పొద్దును బట్టి రంగు మార్చే లైట్లు, అన్నీ ముందు ఆమె చేతిలో నానా హింసలూ పడి తర్వాతే జనం ఇళ్ళకి వెళ్తాయి. ఇప్పుడు చూపు మందగించినవాళ్ళ కోసం ఒక పెద్ద వసతి భవనం కడుతున్నారు. దాని లైట్లని నడిపించే వ్యవస్థ ఏది కావాలో ఆమె తేల్చాలి. ఇవాళ మధ్యాహ్నమే చెప్పాలి. ఆమె మాట తప్పయితే, అత్తగారిలాంటి వాళ్ళు ఓ భవనం నిండా చీకటి మెట్ల మీద కాలేస్తారు.

చివరికి రెండు వ్యవస్థలు మిగిలాయి. ఆఫీసు బల్ల మీద రెండూ బుద్ధిమంతులే. అందుకే రెంటినీ తెచ్చి తన ఇంట్లోనే పెట్టింది. కిందంతా ఒకటి, పైనా మెట్లకీ ఇంకొకటి.

కింద పెట్టింది తీగల మీద నడుస్తుంది. స్విచ్చులూ సెన్సార్లూ అన్నీ గోడలో తీగలతో ఒక పెట్టెకి కట్టుబడి ఉంటాయి. పైది గాలిలో కబుర్లు చెప్పుకుంటుంది. తీగలుండవు, బ్యాటరీలు, సంకేతాలు. రెండు రోజులు చూసి అత్తగారు వాటికి పేర్లు పెట్టేసింది. ఇల్లు కదలనిది సంసారి, ఊరంతా తిరిగేది సంచారి. ఆఫీసు మీటింగులో ఒకసారి కోడలి నోటంట కూడా అవే పేర్లు వచ్చి, మేనేజరు బిత్తరపోయాడు.

పరీక్షలకి ఇంట్లో అందరూ అలవాటు పడ్డారు. అన్నం తింటుండగా మెయిన్ కట్టేసేది. ఇంటర్నెట్ పీకేసేది. చావు బతుకుల మీదున్న బ్యాటరీలు వెతికి తెచ్చి మరీ వేసేది. పొద్దున్నే టీ దగ్గర అందరికీ హాజరు పిలిచినట్టు అడిగేది: "నిన్న మీ మాట వినని లైటేది?" కరెంటు పోయి వస్తే సంసారి బద్ధకంగా లేస్తుంది, పెట్టె అలిగిందంటే ఒక అంతస్తు మొత్తం గుడ్డిదవుతుంది. సంచారి అలా కాదు, ఒకటి పోయినా మిగిలినవి నిలబడతాయి. కానీ ఓ సాయంత్రం అందరూ తింటుండగా తనని తాను సరికొత్తగా మార్చుకుంటానని, మెట్లనీ పై గదుల్నీ పెళ్ళి పందిరిలా మిణుకుమిణుకుమనిపించింది.

ఇవన్నీ చిన్న చిన్న అల్లర్లు. అసలు చిక్కు మెట్ల దీపంతో వచ్చింది. సంచారి చేతిలో ఉండగా అది పొద్దునపూట ఉన్నట్టుండి వెలిగేది కాదు. కోడలు బ్యాటరీ మార్చింది, దాని సంకేతాలందుకునే పెట్టె జరిపింది, గోడ మందంగా ఉందేమోనని కొలిచింది. లాభం లేదు. పోయినప్పుడల్లా అత్తగారు పై మెట్టు మీదే ఆగి, "ఏమండీ, లైటు!" అని పిలిచేది. ఆ పిలుపు పూర్తికాక ముందే మావగారు కింద టార్చితో తయారు.

చివరికి విసిగి, కిందటి వారం మెట్లని సంచారి నుంచి తప్పించి సంసారికి కట్టేసింది. అత్తగారి చేతిలో చెయ్యేసి, "ఇక ఈ లైటు పోదత్తయ్యా. నాదీ హామీ. ధైర్యంగా దిగండి," అని చెప్పింది.

ధైర్యంగానే దిగింది పాపం.

కోడలు మెట్ల మీదే కూర్చుండిపోయింది. రెండూ వేర్వేరు వ్యవస్థలు. ఒకదానికి తీగ ఉంది, ఒకదానికి లేదు. ఒకదాని జబ్బు ఇంకొకదానికి అంటే దారే లేదు. అయినా రెండూ ఒకే చోట, ఒకే వేళకి, ఒకే మనిషి దగ్గర మొండికేశాయి. యంత్రాలు అలా కూడబలుక్కోవు.

మనుషులు కూడబలుక్కుంటారు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుని, వేడి రొట్టెల సంచీతో, ఈల వేసుకుంటూ ఆమె మరిది వచ్చాడు.

మరిది పనిచేసేది సంచారిని తయారుచేసే చిన్న వర్క్‌షాపులో. మెట్ల దగ్గర పెట్టిన సెన్సార్ బోర్డు వాడు తన చేతులతో అతికిందే. కిందటి వారం వదిన దాన్ని పీకేసి సంసారిని పెట్టినప్పుడు రెండు రోజులు ముభావంగా తిరిగాడు. తర్వాత మళ్ళీ మామూలైపోయాడు. అంత తొందరగా ఎందుకు మామూలయ్యాడో ఇప్పుడు అర్థమైందనుకుంది కోడలు.

"వదినా, ఇవాళ నీ తీర్పు రోజు కదా! మా సంచారికి ఉరా, యావజ్జీవమా?" అంటూ వంటింట్లోకి వచ్చిన వాడు తల్లి కాలు చూసి ఆగిపోయాడు. "అమ్మా, ఇదేంటి?"

"మెట్ల దగ్గర లైటు వెలగలేదు," అంది కోడలు, వెనకాలే వచ్చి. "సంసారి లైటు."

"అదీ పోయిందా?" వాడి మొహంలో ఒక్క క్షణం, ఆపుకోలేనంత సంతోషం మెరిసి మాయమైంది. "అంటే... అమ్మకి దెబ్బ తగిలినందుకు కాదు వదినా, నా ఉద్దేశం—"

"నీ ఉద్దేశం నాకు తెలిసింది. నీ సంచారి ఓడిపోయింది కాబట్టి నా సంసారి కూడా ఓడిపోవాలి. సరిగ్గా నేను రిపోర్టు ఇచ్చే రోజున. అంతేగా?"

రొట్టెల సంచీ బల్ల మీద పడింది.

"ఏమంటున్నావ్ వదినా?"

"ఈ ఇంట్లో ఆ పెట్టె తెరవడం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకదాన్ని నేను. నేను చెయ్యలేదు."

"ఒరేయ్, అమ్మాయ్, ఆగండి," అంది అత్తగారు.

"ఆగనమ్మా. పూర్తిగా విననీ." మరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సరే వదినా, నేనే చేశాననుకుందాం. మరి అంతకుముందు సంచారి పోయింది కదా, అదెవరు చేశారు? నా బోర్డుని నేనే చెడగొట్టుకుని, నీ చేత ఫెయిలనిపించుకుని, తర్వాత కక్షకొద్దీ నీదాన్ని చెడగొట్టానా? నేను తెలివితక్కువవాణ్ణి, ఒప్పుకుంటాను. చిన్నప్పటినుంచీ అమ్మ చెప్తూనే ఉంది. కానీ మరీ ఇంత తీరుబడైన తెలివితక్కువతనం నా వల్ల కాదు."

కోడలు బల్ల మీది రొట్టెల సంచీని పక్కకి జరిపింది.

"అమ్మ దిగే మెట్లు వదినా అవి." ఈసారి గొంతులో జోకు లేదు. "పందెం గెలవడానికి అమ్మ కాలి కింద వెలుగు తీసేస్తానా నేను? అన్నయ్య ఊళ్ళో ఉండుంటే నన్ను ఈ మాట అననిచ్చేవాడు కాదు."

లేచి వెళ్ళిపోయాడు. అన్నయ్య రైలు డ్రైవరు, ఈ వారమంతా డ్యూటీ మీద ఎక్కడో దూరంలో ఉన్నాడు. వీధి తలుపు మెల్లగా మూసుకుంది. గట్టిగా వేసుంటే బాగుండుననిపించింది కోడలికి.

మావగారు ఒక రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని అలాగే నములుతున్నారు, మింగడం మర్చిపోయినట్టు.

అత్తగారు భర్త వైపు తిరిగింది. "ఏమండీ, ముందు నా కళ్ళజోడు సంగతి చూడండి. మీ మొహాలు ఎలా మాడిపోయాయో సరిగ్గా కనిపించాలి నాకు."

కళ్ళజోడు కాడని పట్టి ఉంచే బుల్లి మరమేకు ఎక్కడో ఊడిపడింది. మావగారు చొక్కా జేబులోంచి నల్ల టేపు చుట్ట తీశారు. వెడల్పాటి గుడ్డ టేపు. నాటకాలాడే రోజుల్లో స్టేజీ మీద తీగలు అతికించడానికి, నటులు నిలబడాల్సిన చోట గుర్తులు వెయ్యడానికి వాడేవారు. ఆయన డ్రామా కంపెనీకి లైట్లాపరేటరు. అత్తగారు అదే కంపెనీలో రాణి వేషాలు వేసేది. ఇంట్లో ఏది విరిగినా ఆయన వైద్యం ఆ టేపే. మగ్గు పిడికీ టేపే, గొడుగు పుల్లకీ టేపే.

"మర దొరికితే సరిగ్గా బిగించొచ్చు. నేను వెతుకుతాను," అని కోడలు లేచింది. ఆమెకి కావాల్సింది మర కాదు. ఆ వంటింట్లోంచి కాసేపు పారిపోవడం.

మెట్లన్నీ వెతుకుతూ ఎక్కింది. దీపం చక్కగా వెలుగుతోంది. మలుపు దగ్గర గోడకి, ఇంతకుముందు స్విచ్చు ఉన్నచోట, తను బిగించిన తెల్ల రేకు మెరుస్తోంది. కింద కూడా అలాంటిదే ఇంకొకటి ఉంది. అక్కడ ఇదివరకు మావగారు పెట్టుకున్న పెద్ద డిమ్మర్ ఉండేది. నాటకాల హాలు పడగొట్టినప్పుడు ఆయన అడిగి తెచ్చుకున్నది. అరచేతికి నిండుగా వచ్చే గుండ్రటి పిడి, తిప్పుతుంటే వెలుగు మెల్లమెల్లగా పెరిగేది. కొత్త బల్బులకి అది పడదని, సెన్సార్ ఉన్నాక స్విచ్చుతో పనేముందని, తనే పీకి అటక మీద పెట్టింది. ఆయన ఏమీ అనలేదు. "నీకు తెలుసు కదమ్మా," అన్నారంతే.

పై మెట్టు దగ్గర మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకి ఆనించి తలుపు సందులో చూసింది. మర అక్కడే ఉంది. తీసుకుని తల ఎత్తేసరికి, ఆమె కన్ను సెన్సార్ కంటికి సరిగ్గా ఎదురుగా వచ్చింది.

అది గోడకి మోకాలెత్తులో ఉండే తెల్లటి గుండీలాంటి వస్తువు. ఇన్నాళ్ళూ ఆమె దాని వెనక తీగలు చూసింది, ఫోనులో దాని జాతకమంతా చూసింది. దాని మొహం మాత్రం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

గుండీ అంచు మీద కొత్త జిగురు మరక ఉంది. దాని చుట్టూ గోడ మీద పాతవి, ఒకదాని మీద ఒకటి, సంచారి ఉన్నప్పుడు ఎన్నోసార్లు అంటించి పీకిన మరకలు. ఒక మూల రెండు నల్ల దారపు పోగులు అతుక్కుని ఉన్నాయి. ఇవాళ ఎవరో కంగారుగా పీకారు.

ఆమె ఆ పోగుల్ని గోటితో తీసి అరచేతిలో పెట్టుకుంది. మెట్లు దిగి వంటింటి గుమ్మంలో నిలబడింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఉంది. కణత పక్కన కాడ చుట్టూ నల్ల గుడ్డ టేపు. "ఎలా ఉన్నాను అమ్మాయ్? సముద్రపు దొంగలా లేనూ?"

కోడలు మావగారి వంక చూసింది. ఆయన ఆమె అరచేతి వంక చూశారు. తర్వాత తల దించుకుని, టేపు చుట్టని మెల్లగా జేబులో పెట్టేసుకున్నారు.

ఆ క్షణంలో అడిగెయ్యొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇందాకే ఒకరిని తొందరపడి అడిగి చూసింది.

"చాలా బాగున్నారత్తయ్యా," అని చెప్పి వీధిలోకి నడిచింది.

మరిది గుమ్మం మెట్టు మీద కూర్చుని సైకిలు చెయిన్‌కి నూనె వేస్తున్నాడు. చెయిన్ అప్పటికే నూనెలో ఈదుతోంది.

పక్కన కూర్చుంది. "తప్పు నాది. నువ్వు చెయ్యలేదు."

"యంత్రం చెప్పిందా?"

"అంటే?"

"నా మాట నమ్మి అంటున్నావా, రుజువు దొరికి అంటున్నావా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "రుజువు దొరికింది. నీ మాటే నమ్మాల్సింది. ఉన్నవన్నీ రెండు పెట్టెలే అనుకున్నాను. మధ్యలో మనుషులున్నారని మర్చిపోయాను."

వాడు చెయిన్ తిప్పడం మొదలుపెట్టాడు. "ఎవరు?"

"నేను చెప్పను."

"ఇంట్లో నలుగురం. నువ్వు కాదు, నేను కాదు. అమ్మ తన కాలు తను విరగ్గొట్టుకోదు." చెయిన్ ఆగిపోయింది. వాడి నోరు తెరుచుకుంది. "నాన్నా?"

"నేను చెప్పలేదు."

"అందుకా! ఎప్పుడు చూసినా టార్చి పట్టుకుని తయారుగా ఉంటాడు! నేనింకా నాన్న స్పీడుకి మా సెన్సార్ కూడా చాలదని వర్క్‌షాపులో గొప్పగా చెప్పుకున్నాను వదినా!"

ముందు కోడలికి నవ్వొచ్చింది. తర్వాత వాడికీ వచ్చింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, "ఎందుకు చేసినట్టు?" అన్నాడు.

"తెలిసిందనుకుంటాను. నువ్వు అటకెక్కగలవా?"

దానికన్నా ముందు ఆమె మేనేజరుకి ఫోను చేసింది. "సార్, మెట్ల దీపం పోయినవన్నీ లెక్కలోంచి తీసెయ్యండి. సంచారి తప్పూ కాదు, సంసారి తప్పూ కాదు. మనింటి... మా ఇంటి తప్పు."

"అయితే ఏది బాగున్నట్టు?"

"మెట్లకీ నడవాలకీ తీగలది. అది చోటు కదలదు, ఆ దారులూ కదలవు. గదుల్లోకి గాలిది. మంచం ఈ మూల నుంచి ఆ మూలకి జరుపుకుంటారు, దీపం కూడా వాళ్ళతో జరగాలి."

"రెండూ కావాలంటావా? ఒకటి తేల్చమంటే?"

"ఇల్లు నడవాలంటే ఇద్దరూ ఉండాలి సార్. ఇంకో మాట. లైటు ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టాం కానీ, వెలగనప్పుడు మనిషి ఏం చేస్తాడో చూడలేదు. వెలగకపోవచ్చని తెలిస్తే ఆగుతాడు. తప్పకుండా వెలుగుతుందని మనం నమ్మిస్తే చీకట్లో కాలేస్తాడు. మా అత్తగారు ఇవాళ వేశారు. అందుకని మెట్ల మీద ఎప్పుడూ ఆరని చిన్న దీపం ఒకటి విడిగా ఉండాలి. కిందా పైనా చేత్తో తిప్పే మీట ఉండాలి. స్విచ్చులు పీకి రేకులు బిగించడం నా పొరపాటు. అది ఒప్పుకుంటేనే రిపోర్టు మీద సంతకం పెడతాను."

అటు మేనేజరు అన్నీ రాసుకున్నాడు. "మీ అత్తగారు ఎలా ఉన్నారు?"

"సముద్రపు దొంగలా ఉన్నారు సార్."

ఆ మధ్యాహ్నం వదినా మరిదీ కలిసి కింది తెల్ల రేకు ఊడదీశారు. కొత్త బల్బులకి పడే డిమ్మర్ ఒకటి వాడి వర్క్‌షాపు నుంచి వచ్చింది. దాని మీద పాత గుండ్రటి పిడిని బిగించడానికి ఇద్దరూ కుస్తీ పట్టారు. పిడి కాస్త వదులయింది. లోపల ఒక చుట్టు టేపు వేస్తే సరిపోతుందన్నాడు మరిది. మావగారు జేబులోంచి చుట్ట తీసిచ్చారు. వాడు తండ్రి మొహం వంక చూడకుండా అందుకుని, "మంచి టేపు నాన్నా ఇది, దేనికైనా అంటుకుంటుంది," అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కొడుకు చెవులు ఎవరి పోలికో కోడలికి అప్పుడు తెలిసింది.

అత్తగారు అంతకుముందే వాళ్ళ భుజాల మీద చేతులేసుకుని పైకెక్కి, తన గదిలో నడుం వాల్చింది. కిందికి మకాం మార్చమని అంటారేమోనని ఇద్దర్నీ ముందే బెదిరించింది కూడా. భోజనం బల్ల మీదికి వచ్చాక పై తలుపు చప్పుడైంది. మరిది చేయందించడానికి ఆవిడ వెనకే సిద్ధంగా ఉన్నాడు. సెన్సార్‌ని ఈ పూటకి కోడలే ఆపేసింది. మావగారిని కింద పిడి దగ్గర నిలబెట్టి, తను ఓ పక్కకి తప్పుకుంది.

పైన చీకట్లో అత్తగారు ఆగింది. ఈసారి అడుగు వెయ్యలేదు.

"ఏమండీ, లైటు!"

మావగారి చెయ్యి పిడి మీద ఉంది. తిప్పలేదు.

"ఏమండీ? నిద్రపోయారా? జనం ఎదురుచూస్తున్నారు!"

ఆయన గొంతు సవరించుకున్నారు. ఎన్నో నాటకాలు వెలిగించిన మనిషి, ఒక్కసారీ స్టేజీ మీద నోరు విప్పనివాడు, తలెత్తి చీకట్లోకి మాట్లాడడం మొదలుపెట్టారు.

"ఆగు. అడుగు వెయ్యకు. వెలుగు ఇచ్చేముందు నేనొకటి చెప్పాలి. నీ మొహం కనిపిస్తే చెప్పలేను, అందుకే ఇప్పుడే చెప్తున్నాను. ఈ దీపం ఎప్పుడూ చెడిపోలేదు. నేనే దాని కంటికి టేపు అంటించాను. చిన్నోడిది ఉన్నప్పుడూ నేనే, అమ్మాయి మార్చాకా నేనే. నువ్వు దిగిపోయాక గుట్టుగా పీకేసేవాణ్ణి. ఇవాళ టార్చికని చెప్పి వెళ్ళింది అందుకే.

"ఎందుకో చెప్తాను, నవ్వకు. పొద్దున్నే వచ్చి ఇక్కడ నిలబడతాను కదా. నువ్వు పైన తలుపు తీస్తావు. ఇదివరకు పిలిచేదానివి. ఆ పిడి పీకేశాక దీపం దానంతటదే వచ్చేది. నువ్వు దిగొచ్చి, నా పక్కనుంచే వెళ్ళిపోతూ, టీ అయిందా అని అడిగేదానివి. నీ తప్పేమీ లేదు. పిలవాల్సిన పని లేకపోయింది, అంతే. కానీ నాకు పెళ్ళికి ముందునుంచీ ఒకటే ఉద్యోగం. నువ్వు తెర పక్కన నిలబడి లైటనేదానివి, నేను ఇచ్చేవాణ్ణి. అది పోయాక ఇంట్లో నేనో కుర్చీనైపోయాననిపించింది. ఒక్కరోజు టేపు వేసి చూశాను. నువ్వు పైనుంచి పిలిచావు. ఆ రోజంతా నాకు ఆకలి కూడా వెయ్యలేదు. తర్వాత మానలేకపోయాను.

"నీకు దెబ్బ తగులుతుందని కల్లో కూడా అనుకోలేదు. వెలుగు పడకుండా నువ్వు అడుగు వెయ్యవు, ఏ నాటకంలోనూ వెయ్యలేదు. ఆ ధైర్యంతోనే చేశాను. ఇవాళ నువ్వు పిలవలేదు. చీకట్లోకి కాలేశావు. అమ్మాయి మాట మీద నీకు అంత నమ్మకం కుదిరిందని నాకు తెలీలేదు. నువ్వు మారావు, నేనే పాత నాటకంలో ఉండిపోయాను. నీ కళ్ళజోడు పడిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. చిన్నోడు నిందపడుతుంటే నోట్లో రొట్టె పెట్టుకుని కూర్చున్నాను చూడు, అది ఇంకా పెద్ద తప్పు. ఒరేయ్, విన్నావా? నీ సెన్సార్ బంగారం. అమ్మాయ్, నీది కూడా.

"రేపటినుంచి ఆ దీపం జోలికి వెళ్ళను. అది వెలిగేదేదో అదే వెలుగుతుంది. నీకు పిలవాలనిపించిన రోజు పిలు. పిలవకపోయినా నేను ఇక్కడే ఉంటాను, టీ పెట్టి ఉంచుతాను. ఇదిగో, తిప్పుతున్నాను... మెల్లగా... పాదాల మీద పడిందా? ఇప్పుడు చేతుల మీద... ఆఁ, మొహం మీదికొచ్చింది. అయ్యో, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా? సరే, ఏదైనా ఫరవాలేదు. నేను చూస్తున్నాను. దిగు, రాణీ."